లేచి త్రోవయిచ్చు వంతెన

సేతువన్న మాట వినగానే మనకు శ్రీరామచంద్రుని వారధి స్ఫురించును. వానరవీరులు కొండలను పెకలించి తెచ్చుట, నలుడు వానిని నేర్పుతో కూర్చుట, ఐదు దినములలో నూరు యోజనముల సేతువు పూర్తియగుట మనము బాల్యమునుండి వినుచున్న కథయే. ఆ సేతువునకు పిమ్మట నెవరు మరమ్మతులు చేసిరో, ఏ యేట నే రాయి కదలగా నెవరు దానిని సరిచేసిరో వాల్మీకి మహర్షి చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును లేదు. సేతువు కట్టిన కార్యము నెరవేరినది. మానవులు నిత్యము నడచుటకై కట్టుకొన్న వంతెనలకు మాత్రము ఆ సౌకర్యము లేదు. కట్టిన మరునాటినుండియే యెండ, వాన, త్రుప్పు, బండ్ల రాపిడి వానిపై తమ పనిని మొదలుపెట్టును. అందుచేత నొక వంతెన చరిత్రలో సగము దానిని కట్టినవారిది. మిగిలిన సగము దానిని కాపాడినవారిది.

ఈ రెండవ సగమును మన సోదరీమణులకు వినిపింపవలెనను తలంపుతో నీ వ్యాసమును వ్రాయుచున్నాను. ఇందులకై నేనెంచుకొన్నది లండను నగరమున థేమ్సు నదిపై నున్న టవరు వంతెన. 1894 లో తెరువబడిన యీ వంతెన పెద్ద యోడ వచ్చినప్పుడు నడుమ రెండుగా విడివడి, రెండు రెక్కలవలె పైకి లేచి, యోడ సాగిపోయిన పిమ్మట మరల దిగి, యెప్పటివలె వీధియై పరుండును. బొమ్మలలోనైనను దీనిని చూడనివా రరుదు. దీనిని లేపుచు, దింపుచు, రంగు వేయుచు, మరలకు చమురు పోయుచు నుండువారిని గూర్చి విన్నవారు మాత్రము చాల కొద్దిమంది.

ఎత్తుడువంతెన యనగా నేమి?

తొలగెడి వంతెన క్రొత్త కల్పన కాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున దుర్గనిర్మాణమును చెప్పుచు, కోటవాకిట కందకముపై నుండు వంతెన తీసివేయుటకు వీలైనదిగా నుండవలెనని విధించియున్నాడు. శత్రువు వచ్చినపుడు వంతెనను తొలగించినచో కందకమే కోటకు కావలి. పాశ్చాత్య దేశములయందును మధ్యయుగపు కోటలకు గొలుసులతో పైకి లాగెడి పలకవంతెన లుండెడివి. అవి పరులను లోనికి రానీయకుండుటకై లేచునవి. టవరు వంతెన మాత్రము పరుల కడ్డు తొలగుటకై లేచును.

దీని సూత్రము మన పల్లెలలోని స్త్రీలకు పరిచితమైనదే. ఏతమును జూడుడు. పొడవైన మ్రాను నొక స్తంభముపై నిలిపి, కొనయందు బొక్కెనను వ్రేలాడదీసి, మొదట బరువైన రాయిని కట్టుదురు. నీటితో నిండిన బొక్కెన భారమును ఆ రాయి తూచుచుండును గావున తోడువారికి శ్రమ చాల తగ్గును. టవరు వంతెన రెక్కయు నట్టిదే. దాని పొడవైన భాగము నదిపై చాచియుండును. పొట్టిదైన తోకభాగము నదిలోని స్తంభము గర్భమున దాగియుండును. ఆ తోకకు 400 టన్నులకు పైబడిన యినుము, సీసము బరువుగా వేసిరి. ఒక్కొక్క రెక్క వేయి టన్నులకు మించిన భారము కలదైనను, త్రాసువలె సరితూగి యుండుటచేత దానిని కదలించుటకు కావలసిన బలము కొంచెమే. రెక్క లేచునపుడు తోక దిగుటకై స్తంభములలోపల పెద్ద పెద్ద గదులు కలవు. వంతెనపై నడచువారికి కాళ్ళక్రింద నంతటి శూన్యస్థలము కలదని తోచనే తోచదు.

రాణిగారి యుపేక్ష

టవరు వంతెన సంరక్షణమును తెలిసికొనుటకు ముందుగా దాని కక్కవంటి పాత లండను వంతెన కథ తెలియవలెను. ఏలయనగా టవరు వంతెనకు నేడు వేయుచున్న రంగునకు వలయు సొమ్ము ఆ పాత వంతెనపేర కూడిన నిధినుండియే వచ్చుచున్నది.

థేమ్సు నదిపై నొక రాతివంతెన కట్టుట 1176 లో పీటరు అను మతాచార్యుడు మొదలుపెట్టెను. ఆయన 1205 లో గతించెను. 1209 లో వంతెన పూర్తియయ్యెను. దానిపై నిరువైపుల నిండ్లును, అంగళ్ళును, నొక ప్రార్థనామందిరమును వెలసినవి. పొడవైన స్తంభములుగల యోడలు పోవుటకై యందును ఒకచోట నెత్తుడువంతెన యుండెను. ఇండ్ల యద్దెలు, వంతెన దాటువారి సుంకములు, ఓడల సుంకములు కలిసి వంతెన పోషణకు చేరుచుండెను. అంతియకాక పుణ్యమును గోరిన పురజనులు, స్త్రీలును పురుషులును, మరణకాలమున దేవుని పేరను వంతెన పేరను తమ యిండ్లను, భూములను, నాణెములను వ్రాసియిచ్చెడివారు. మన దేశమున చెరువులకును సత్రములకును మాన్యము లిచ్చినట్లే వారు వంతెనకు మాన్యము లిచ్చిరి. ఆ సొమ్మంతయు వంతెన ధర్మకర్తల చేతిలో నుండెను.

ఇట్లుండగా 13 వ శతాబ్దపు నుత్తరార్ధమున మూడవ హెన్రీ ప్రభువు ఆ వంతెన రాబడిని తన రాణియగు ఎలియనారునకు ధారపోసెను. ఆమె రాబడిని గైకొనుచు మరమ్మతుల నుపేక్షించెను. పురజనులు తరువాతి రాజగు మొదటి ఎడ్వర్డునకు మొరపెట్టుకొనిరి. ఇంతలో 1281–82 నాటి చలికాలమున నది గడ్డకట్టి, మంచుగడ్డల యొత్తిడిచే వంతెన యైదు కమానులు కూలిపోయెను. 1282 లో ఎడ్వర్డు ప్రభువు శాసనమిచ్చి వంతెన యాస్తిని మరల నగరముపరము చేసెను. వంతెన కూలుచున్నదను నొక శిశుగీతము ఇంగ్లీషు పిల్లలు నేటికిని పాడుదురు. అందలి సుందరి యీ రాణియేయని చెప్పువారు కొందరు కలరు.

ఆ రాణి వంతెనను కూల్పలేదు. ఒక్క రాయిని తన చేతులతో తీయలేదు. రావలసిన సొమ్ము పుచ్చుకొని, చేయవలసిన పని చేయకుండెను. ఒక గొప్ప కట్టడము పాడగుట కంతకంటె నేమియు నక్కరలేదు. ఈ పాఠమును లండను నగరము మరువలేదు.

క్రొత్త వంతెన యవసరము

పందొమ్మిదవ శతాబ్దమునాటికి లండను తూర్పుభాగము జనముతో క్రిక్కిరిసిపోయెను. ఆ వైపున నది దాటుటకు లండను వంతెనయే కడపటి వంతెన. దానికి దిగువ నున్న లక్షలకొలది జనులు, సరకు బండ్లు, గుఱ్ఱపు బండ్లు గంటలకొలది చుట్టు తిరిగి రావలసియుండెను. మరియొక వంతెన కట్టుదమన్నచో పెద్ద చిక్కు వచ్చెను. సముద్రమునుండి వచ్చు నోడలు లండను వంతెనవరకు వచ్చి సరకులు దింపుచుండెను. దిగువ నొక వంతెన తక్కువ యెత్తున కట్టినచో నోడల రాక నిలిచిపోవును. ఎత్తుగా కట్టినచో గుఱ్ఱములు బండ్లను లాగుకొని యా యెత్తు నెక్కజాలవు.

1870 లో నదిక్రింద నొక సొరంగమును త్రవ్వి, యందు పట్టాలపై చిన్న బండిని నడపిరి. అది కొన్ని మాసములలోనే నష్టపడగా, కాలినడకవారికి విడిచిరి. అర పెన్నీ చెల్లించి యా యిరుకైన గొట్టమువంటి దారిలో ఏటేట సుమారు పదిలక్షలమంది నడచుచుండిరన, వంతెనకై జనులెంత తపించిరో యూహింపవచ్చును.

1876 లో నగరపాలక సంస్థవా రొక సంఘము నేర్పరచి వంతెన నమూనాలను కోరగా 50 కి పైగా వచ్చినవి. లండను మురుగుకాలువలను నిర్మించి కీర్తిగాంచిన బాజల్గెట్టుగారు పంపిన నమూనాను గూడ, ఓడలకు తగినంత యెత్తు లేదని త్రోసివేసిరి. తుదకు నగర శిల్పియగు హోరేసు జోన్సుగారును, ఇంజనీరగు జాను వుల్ఫు బారీగారును కలిసి కూర్చిన యెత్తుడువంతెన నమూనా నిలిచెను. 1885 లో పార్లమెంటు శాసనము చేసెను. ఓడలకు 200 అడుగుల వెడల్పు త్రోవయు, 135 అడుగుల యెత్తును నుండవలెననియు, ప్రక్కనున్న పురాతన దుర్గమున కొప్పునట్లు వంతెన యాకృతి యుండవలెననియు అందు నియమించిరి.

ఆ దుర్గమే లండను టవరు. దానిపేరే వంతెనకు వచ్చినది. మన యాంధ్రదేశమున కృష్ణాతీరపు కొల్లూరు గనులలో పుట్టినదని ప్రసిద్ధిగాంచిన కోహినూరు వజ్రము ఇప్పుడున్నదియు నా కోటలోనే. కావున ఆ వంతెన గోపురముల చెంతనే మన నేల సొత్తొకటి కలదని చెప్పుకొనవచ్చును.

ఎనిమిదేండ్ల నిర్మాణము

1886 జూను నెలలో శంకుస్థాపన జరిగెను. మరుసటి యేడే జోన్సుగారు కాలధర్మము నొందిరి. బారీగారు పనిని సాగించిరి. గోపురముల రాతిపనిని స్టీవెన్సను అను శిల్పి తీర్చిదిద్దెను. నదిగర్భమున రెండు స్తంభములకు పునాదిగా 70,000 టన్నులకు మించిన కాంక్రీటును దింపిరి. గోపురములకును నడవలకును 11,000 టన్నుల యుక్కు పట్టినది. 432 మంది పనివారు ఎనిమిది సంవత్సరములు శ్రమించిరి. మొత్తము వ్యయము 11,84,000 పౌండ్లు.

చూచువారికి గోపురములు రాతితో కట్టినవిగా తోచును గాని, భారము మోయునది లోని యుక్కు. కారన్‌వాలు గ్రానైటు రాయియు, పోర్ట్‌లండు రాయియు దానికి తొడుగు మాత్రమే. ఆ తొడుగు ఉక్కును వానగాలినుండి కాపాడును. కోటకు సాటియగు రూపమును నిచ్చును. ఉక్కునకు రాతివేషము వేయుట కపటమని యానాటి శిల్పశాస్త్రజ్ఞులు కొందరు నిందించిరి. నిందించినవారి పేరులు మరుగుపడెను. వంతెన రూపము లండను నగరమునకే గుర్తైపోయెను.

వంతెన మొత్తము 800 అడుగుల పొడవు. గోపురములు 213 అడుగుల యెత్తు. నడిమి భాగము మాత్రమే లేచును. ఇరుప్రక్కల భాగములు పెద్ద గొలుసులనుండి వ్రేలాడును. గోపురముల పైభాగమున రెండు నడవలు కలవు. వంతెన లేచియున్నపుడు కాలినడకవారు మెట్లెక్కి పైనుండి దాటవచ్చునని వానిని కట్టిరి. అవి రెండువైపుల గొలుసుల లాగుడును పట్టి నిలుపు బంధములు గూడ. కాని జనుల స్వభావము వేరు. సుమారు 200 మెట్లు ఎక్కి దిగుటకంటె, నిలిచి వంతెన లేచు వేడుకను చూచి, దిగిన పిమ్మట దాటుటయే వారికి హాయిగా నుండెను. పై నడవలు నిర్జనములై దొంగలకును దుర్వర్తనులకును తావులు కాగా, 1910 లో మూసివేసిరి. తిరిగి 1982 లో ప్రదర్శనశాలలో భాగముగా తెరచిరి. 2014 లో నందు గాజునేల నమర్చిరి. నదిని, క్రింద పోవు బండ్లను పాదములక్రిందనే చూడవచ్చును.

1894 జూను 30 వ తేదీన వేల్సు రాకుమారుడు వంతెనను తెరచెను. దాటుటకు సుంకము లేదు. కావున అర పెన్నీ సొరంగమునకు గిరాకి తగ్గి, 1898 లో దానిని నడకదార్లకు మూసివేసిరి.

బొగ్గు, నీరు, మనుష్యులు

మొదట వంతెనను లేపినది నీటి యొత్తిడి. రాక్షసిబొగ్గుతో బాయిలర్లను కాచి, ఆవిరి యంత్రములచే నీటిని బలముగా తోడి, ఆరు పెద్ద సంచయములలోనికి నెట్టెడివారు. సంచయమనగా నిలువుగా నున్న గొట్టము. దాని లోపలి దిమ్మపై గొప్ప బరువుండును. యంత్రము నీటిని పంపినకొలది ఆ బరువు పైకి లేచును. వంతెన నెత్తవలసివచ్చినపుడు బరువు దిగుచు, చదరపు టంగుళమునకు 750 పౌనుల యొత్తిడితో నీటిని మరల యంత్రములకు పంపును. గృహిణి దినదినము కొంత కూడబెట్టి, పండుగనాడు వెచ్చించినట్లు, యంత్రము గంటలకొలది కూడబెట్టిన బలమును వంతెన యొక నిమిషములో వినియోగించుకొనును. ఎత్తవలసిన క్షణమున ఆవిరి యంత్రమునకు తొందరపడ బనిలేదు.

మొదటి సంవత్సరమున వంతెన 6,194 మారులు లేచెను. అనగా దినమునకు సుమారు 17 పర్యాయములు. దీనికై 80 మంది పనివారుండిరి. వంతెనపై నొక యధికారి. అతనిక్రింద యంత్రములు నడపువారు, బొగ్గు వేయువారు, ద్వారములు మూయువారు, సంకేతములు చూపువారు, కావలివారు. పగటివేళ వంతెన దాటగోరు నోడ రెండడుగుల వ్యాసముగల నల్లని గోళమును పైకి కట్టవలెను. రాత్రివేళ రెండెఱ్ఱదీపములు చూపవలెను. పొగమంచున నీలలు వేయవలెను. వంతెనమీదనుండి గూడ రాత్రివేళ రెండెఱ్ఱదీపములచే త్రోవ లేదనియు, రెండు పచ్చదీపములచే త్రోవ కలదనియు తెలిపెడివారు. పొగమంచున ఘంటానాదము తోడయ్యెడిది. నడవల నడుమ నల్లని గోళము వ్రేలాడినచో వంతెన లేవజాలని స్థితిలో నున్నదని యర్థము.

ఈ పనివారిలో నొక స్త్రీని చెప్పవలెను. 1910 తరువాతి సంవత్సరములలో వంతెన యధికారి యింట హన్నా గ్రిగ్సు అను నామె వంటచేయుచుండెను. అక్కడ పనిచేసిన స్త్రీలలో పేరు తెలిసిన తొలివారిలో నామె యొకతె. వంతెనను తెరచిన రాకుమారుని పేరు శిలపై నుండుట వింత కాదు. వంటయిల్లు చూచినయామె పేరు గూడ వంతెన చరిత్రలో నిలుచుట మనము గమనింపదగినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, బాంబులచే యంత్రములు చెడినచో వంతెన నిలిచిపోవునని, 1942 లో మూడవ యంత్రమును గూడ తెచ్చి యుంచిరి. యుద్ధము ముగిసినది, కాలము మారినది. పెద్ద యోడలు నగరమునకు రాక దిగువ రేవులలోనే యాగసాగినవి. 1976 నుండి వంతెనను విద్యుత్తు, చమురుల బలముతో లేపుచున్నారు. పాత యావిరి యంత్రములను పారవేయక తుడిచి, మెరుగుపెట్టి, చూడవచ్చువారికై నిలిపియున్నారు. ఇప్పుడు వంతెన సంవత్సరమునకు సుమారు 800 మారులు లేచుచున్నది.

మ్రోగని గంట

ఇట్టి కట్టడమున నొకరి చిన్నపని తప్పినను ఫలమెట్లుండునో 1952 డిసెంబరు 30 వ తేదీన తెలిసినది. ఆనాటి యేర్పాటుచొప్పున ద్వారపాలకుడు గంట మ్రోగించి, వంతెన ఖాళీయైన పిమ్మట తలుపులు మూయవలెను. తరువాతనే కావలివాడు వంతెన నెత్తుట కాజ్ఞ యియ్యవలెను. ఆ దినమున బదులుగా వచ్చిన కావలివాడు పనిలో నుండగా ఈ క్రమము తప్పెను. 78 వ నంబరు రెండంతస్తుల బస్సు దక్షిణపు రెక్క కొనను చేరుచుండగా ఆ రెక్క లేవసాగెను. బస్సు నాపినచో వెనుకకు జారునో, నదిలో పడునో! ఆల్బర్టు గంటరు అను డ్రైవరు క్షణములో నిశ్చయించుకొని వేగము హెచ్చించెను. బస్సు మూడడుగుల సందును దాటి, ఆరడుగుల దిగువన నింకను లేవని యుత్తరపు రెక్కపై పడి నిలిచెను. ఎవరికిని పెద్ద గాయములు తగులలేదు. నగరపాలకులు అతనికి 10 పౌండ్లు బహుమాన మిచ్చిరి.

డ్రైవరు ధైర్యము కొనియాడదగినదే. కాని యాలోచింపుడు: గంట వేళకు మ్రోగియుండినచో ఆ ధైర్యముతో పనియే లేకపోవును. 1894 నుండి వేలకొలది మారులు గంట సరిగా మ్రోగినది. ఆ దినములలో నేమియు జరుగలేదు; ఏమియు జరుగలేదు గనుకనే వానిని గూర్చి యెవరును వ్రాయలేదు.

వంతెన నియమమింకొకటి వినదగినది. భూమార్గమున పోవువారికంటె జలమార్గమున వచ్చువారికే ముందుత్రోవ. ముప్పదడుగులు మించిన యెత్తుగల యే నౌకయైనను 24 గంటల ముందుగా తెలిపినచో, రుసుము లేకయే వంతెన లేచును. 1997 మే నెలలో అమెరికా అధ్యక్షుడు క్లింటనుగారి కార్ల వరుస వంతెన దాటుచుండగా, ముందుగా వేళ నిశ్చయించుకొన్న గ్లాడిసు అను తెరచాపల పడవ వచ్చెను. వంతెన లేచెను; అధ్యక్షుని పరివారము రెండుగా విడిపోయెను. మాట యిచ్చిన వేళకు పడవ దాటిపోయెను.

త్రుప్పుతో నిత్యపోరు

ఉక్కునకు పరమశత్రువు త్రుప్పు. నదిగాలి, వాన, పొగ దానికి తోడ్పడును. రంగు పొర యున్నంతవరకే యుక్కు నకు రక్ష. మొదట వంతెనకు గోధుమవన్నె రంగుండెను. 1977 లో రెండవ ఎలిజబెత్తు రాణి రజతోత్సవ సందర్భమున ఎఱుపు, తెలుపు, నీలము రంగులు వేసిరి. 2008 లో మొదలుపెట్టి నాలుగేండ్లపాటు పాతరంగునంతయు లోహమువరకు గీకి తీసి, క్రొత్తరంగు వేసిరి. దీనికి 40 లక్షల పౌండ్లు వ్యయమైనది. గీకిన పొరలు నదిలో పడి నీటిని చెరుపకుండ, పనిచేయు భాగమునకెల్ల పరంజా కట్టి, తెరలతో కప్పిరి. ఆ రంగు 25 ఏండ్లు నిలుచునని యంచనా. ఆ మీదట మరల గీకవలసినదే, మరల వేయవలసినదే.

రెక్కలపై బండ్లు నడచు భాగమున కొయ్యపలకలు పరచియుండును. రెక్క తేలికగా నుండవలెను గదా! దినమునకు 40,000 మందికి పైగా దాటు వంతెనపై కొయ్య యరుగక మానదు. 2016 అక్టోబరు 1 వ తేదీన వంతెనను బండ్లకు మూసివేసి, ఆ యేటి చివరవరకు అరిగిన పలకలను మార్చిరి. ఇరుదరుల కమానులలోనికి నీరు దిగకుండ పూతపని చేసిరి. నగరవాసులు చుట్టుదారిన పోవుచు విసుగుకొనిరి. కాని రాణి ఎలియనారు కాలమునందువలె పని వాయిదా పడలేదు. వంతెన శ్రమను తగ్గించుటకై బండ్లకు గంటకు 20 మైళ్ళ వేగమును, 18 టన్నుల బరువును హద్దుగా నియమించిరి.

ఇంత జాగ్రత్తపడినను యంత్రము యంత్రమే. 2020 ఆగస్టులో నొకనాడు రెక్కలు పైననే నిలిచి గంటకు పైగా రాకపోకలు స్తంభించినవి. 2021 ఆగస్టు 9 వ తేదీన రమారమి 12 గంటలు దిగలేదు. ఇట్టి దినముననే లోకమునకు వంతెన పనివారు జ్ఞప్తికి వత్తురు.

సొమ్ము నెవరిత్తురు?

ఇంతటి వ్యయమును భరించువా రెవరని మీరడుగవచ్చును. పన్నులు చెల్లించు ప్రజలు కాదు. టవరు వంతెన కట్టుటకైన 11,84,000 పౌండ్లును, నేటి రంగును, కొయ్యయు, చమురును, జీతములును, పైన చెప్పిన పాత వంతెన నిధినుండియే వచ్చుచున్నవి. ఏడెనిమిది వందల యేండ్ల క్రిందట దేవుని పేరను వంతెన పేరను వ్రాసియిచ్చిన యిండ్లు, స్థలములు, అద్దెలు, సుంకములు జాగ్రత్తగా నిలువచేయబడి, వృద్ధిపొంది, నేటికి గొప్ప ధర్మనిధియైనవి. 2023 లో దానికి సిటీ బ్రిడ్జి ఫౌండేషను అని పేరు మార్చిరి. లండను, టవరు, సదర్కు, బ్లాక్‌ఫ్రయర్సు, మిలీనియం అను నైదు వంతెనలు దాని పోషణలో కలవు. వంతెనలకు పోగా మిగిలిన సొమ్మును 1995 నుండి లండనులోని దీనజనుల సహాయమునకు వెచ్చించుచున్నారు.

పదమూడవ శతాబ్దమున తన చిన్న యింటిని వంతెనకు వ్రాసియిచ్చిన యొక స్త్రీని తలచుకొనుడు. ఆమెకు టవరు వంతెన తెలియదు. ఆవిరి యంత్రము తెలియదు. విద్యుత్తన్న మాటయే తెలియదు. నది దాటువారికి మేలు కలుగవలెనని మాత్రమే కోరినది. రాణి యొకతె యాదాయమును పుచ్చుకొని వంతెనను మరచెను. పేరు తెలియని పురస్త్రీలు తమ యాస్తి నిచ్చి వంతెనను నిలిపిరి. పేరు ఎవరిది నిలిచెనని కాక, పని ఎవరిది నిలిచెనని యడిగినచో నుత్తరము స్పష్టము.

ఇంటి పనియు నిట్టిదే కదా! సున్నము వేసిన గోడను పండుగనాడందరును మెచ్చుకొందురు. దూలమున చెద పట్టకుండ చూచుట, కప్పు కారకముందే పెంకు సర్దుట, నూతిగిలక బిగిసిపోకుండ చమురు వేయుట యెవరి కంటను పడవు. అవి చేయని యేడు మాత్రము అందరి కంటను పడును. ఆ వేళకు చేయు పనిని చిన్నదని యెంచి మన బిడ్డలు, ఆడపిల్లలును మగపిల్లలును, తప్పించుకొనకుండ చూచుట మన బాధ్యత. గృహమున నేర్చినదే పెద్దయైన పిమ్మట నూరి చెరువునకును, బడికప్పునకును, వంతెనకును పనికివచ్చును.

టవరు వంతెన పటము మీ కంటబడినపుడు ఎత్తైన గోపురములను చూచి సంతసింపుడు. పిమ్మట వాని నడుమ రెండు రెక్కలు కలిసెడి సన్నని గీతను వెదకుడు. వేయి టన్నుల రెక్కలు రెండు నూటముప్పది యేండ్లకు పైగా లేచుచు, దిగుచు, నేటికిని బండి చక్రము తొట్రుపడకుండ ఆ గీతవద్ద సరిగా కలియుచున్నవి. ఆ కలయిక కొరకు నిన్న నొకరు పనిచేసిరి, నేడొకరు చేయుచున్నారు, రేపటికి మరియొకరిని సిద్ధపరచియున్నారు.